పట్టా ఒకరిది, కబ్జా ఇంకొకరిది: ఆచారపు భూమికి కోర్టులో రుజువేది?

సీతాఫల్‌మండి దాటాక ఎంఎంటీఎస్ రైలు ఆగేది ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో. ఆ ఒక్క స్టేషన్ దూరంలో పట్టాల కింది నేల రైల్వేది. ఇటుపక్క బస్తీలో కొందరి దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, మరికొందరి దగ్గర కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు తప్ప ఏమీ ఉండవు. అటుపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఉత్తరానికి పోతే కంటోన్మెంటు, దానికి వేరే భూముల రిజిస్టరు. విశ్వవిద్యాలయం వెలిసిన అడిక్‌మెట్ ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందాకు నిజాం ఇచ్చిన జాగీరు గ్రామాల్లో ఒకటి. ఇంత చిన్న మేరలో భూమి ఎవరిదని అడిగితే ఒక్కో దఫ్తరు ఒక్కో పుస్తకం తెరుస్తుంది. ఆ పుస్తకాల్లో దేన్నీ యాజమాన్యం తేల్చడానికి రాయలేదు. శిస్తు ఎవరు కట్టాలో తెలియడానికే చాలావాటిని రాశారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆచారపు భూమి అంటే ఇక్కడ అడవిలో పోడు ఒక్కటే కాదు. దానపత్రమో క్రయపత్రమో లేకుండా సాగుతో, నివాసంతో, సేవతో, ఊరి ఒప్పుదలతో చేతికొచ్చిన నేలంతా ఈ లెక్కలోకి వస్తుంది: గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు, గుడికో దర్గాకో సేవ చేస్తున్నందుకు దక్కిన ఇనాం, కౌలుదారు మూడు తరాలుగా దున్నుతున్న చెలక, తెల్లకాగితం మీద వేలిముద్రతో కొన్న ఎకరం. ఊళ్లో వీటి మీద ఎవరికీ అనుమానం ఉండదు. దావా పడ్డ రోజున మాత్రం అన్నీ అనుమానాలే.

పుస్తకాలు ఎలా పుట్టాయి

హైదరాబాద్ భూ రెవెన్యూ చట్టం 1317 ఫస్లీలో, అంటే 1907లో వచ్చింది. (ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం దొరుకుతుంది. ఈ లెక్క తప్పి చిక్కుల్లో పడ్డ అర్జీలకు లోటు లేదు.) ఇతరుల ఆస్తి అని తేలని నేల ప్రభుత్వానిదేనన్న సూత్రం ఆ చట్టంలోనే ఉంది. సర్వే, బందోబస్తు జరిగాక సర్వే నంబరు వారీగా సేత్వార్ అనే తొలి భూముల పట్టిక తయారైంది. దాని తర్వాత శిస్తు లెక్కల వసూల్ బాకీ, ఫైసల్ పట్టి, ఏటేటా సాగు వివరాలు రాసే పహాణీ వచ్చాయి.

అయితే ఆ బందోబస్తు నేరుగా ప్రభుత్వం కిందుండే దివానీ ఇలాకాలో సాగినట్టు అంతటా సాగలేదు. రాజ్యంలో దాదాపు 40 శాతం నేల జాగీర్లు, పైగాలు, నిజాం సొంత సర్ఫేఖాస్ కింద ఉండేది. అక్కడ లెక్కలు జాగీర్దారు గుమాస్తాల చేతిలో ఉండేవి. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది, అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950లో కౌల్దారీ చట్టం, 1952లో అతియాత్ (రాజు ఇచ్చిన భూదానాల) విచారణల చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం వరుసగా వచ్చాయి. ఆ మధ్యలో 1954-55లో ఊరూరా రాసిన ఖాస్రా పహాణీయే నేటికీ తెలంగాణ కోర్టుల్లో తొలి సాక్షి. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అన్న రెండు సంగతులూ అందులో పక్కపక్కనే ఉంటాయి.

ఆ రెండు గడుల్లో రెండు పేర్లుంటే గొడవ మొదలవుతుంది. పహాణీ భాషలో కబ్జాదారు అంటే నేలను అనుభవిస్తున్నవాడు, అది గౌరవమైన మాటే. నేటి పత్రికల్లో కబ్జాదారు అంటే ఆక్రమణదారు. ఒకే మాటకు డెబ్బై ఏళ్లలో అర్థం తలకిందులైంది, చట్టం చూపు కూడా ఇంచుమించు ఆ దారినే నడిచింది. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడినే తీసేశారు.

కోస్తాలో కథ వేరు. అక్కడ 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జమీందారీ రైతుకు సాగు మీద హక్కును ముందే గుర్తించింది. 1948 ఎస్టేట్ల రద్దు తర్వాత రైత్వారీ పట్టాలొచ్చాయి. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన నేలలే చుక్కల భూములయ్యాయి. వాటిని తేల్చడానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. గుమాస్తా ఒకనాడు ఏమీ తెలియక పెట్టిన చుక్క, ఆ తర్వాత ప్రభుత్వ భూమి అన్న అర్థాన్ని సంపాదించుకుంది.

కాగితమే ప్రమాణం అనేవారు

కోర్టుల్లో బలంగా ఉన్న మొదటి వాదం ఇది. దీనికి మంచి ఉదాహరణ సీతాఫల్‌మండికి దగ్గరలోనే, సికింద్రాబాద్ కాకాగూడలో ఉంది. అక్కడి నేల తమదేనంటూ వాసవి సహకార గృహ నిర్మాణ సంఘం దావా వేసింది. వారి చేతిలో ఉన్నది సేత్వార్, దాని వెంబడి వచ్చిన రెవెన్యూ నకళ్లు. ఎదుట కేంద్ర ప్రభుత్వం కంటోన్మెంటు వారి జనరల్ ల్యాండ్ రిజిస్టరు పట్టుకొచ్చింది. కింది కోర్టు, హైకోర్టు సంఘం వైపు మొగ్గాయి. 2014 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. వాది తన హక్కు బలం మీద గెలవాలి తప్ప ప్రతివాది బలహీనత మీద కాదనీ, రెవెన్యూ నమోదు ఒక్కటే యాజమాన్యాన్ని ఇవ్వదనీ చెప్పింది. ఇవాళ హైదరాబాద్ సివిల్ కోర్టుల్లో భూమి దావా ఏదైనా ఈ తీర్పు ప్రస్తావన లేకుండా నడవడం అరుదు.

దీనికి ముందే మరో మెట్టు ఉంది. వరంగల్ నుంచి వెళ్లిన అనతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఏ దావా ఎప్పుడు వేయాలో విడమరిచింది. స్వాధీనం తన దగ్గరుండి ఎదుటివారు అడ్డుపడుతుంటే ఇంజక్షన్ చాలు. హక్కు మీదనే నీడ పడితే డిక్లరేషన్ అడగాలి, స్వాధీనం పోతే దాన్ని కూడా అడగాలి. వినడానికి ఇది సాంకేతిక విషయమే. ఆచారపు భూమి ఉన్నవారు ఎక్కువగా ఓడేది మాత్రం ఇక్కడే. కోర్టు ఫీజు తక్కువని ఒట్టి ఇంజక్షన్ దావా వేస్తారు, ఎదుటివారు ఏదో ఒక దస్తావేజు తెచ్చి హక్కు మీద మబ్బు కమ్మిస్తారు, దావా కొట్టుడుపోతుంది. భూమి ఎవరిదో తేలకుండానే కేసు ముగుస్తుంది.

కాగితం వాదులు చెప్పేదాంట్లో నిజముంది. హైదరాబాద్ చుట్టూ నేల ధర పెరిగిన కొద్దీ పాత ఫర్మానాలు, ముంతఖబులు (ఇనాం గుర్తింపు పత్రాలు) కొత్తగా పుట్టుకొచ్చాయి. 1950లలో మొదలైన పైగా కుటుంబ ఆస్తుల విభజన దావా డిక్రీలు పట్టుకుని దశాబ్దాల తర్వాత హైదర్‌నగర్ వంటి ఊళ్లలో ఇతరుల నేల మీదికొచ్చినవారున్నారు. ఆ దావాలో పక్షాలు కానివారిని ఆ ఉత్తర్వులు కట్టడి చేయవని 2023లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఎంతమంది ఎన్ని వాయిదాలు తిరిగారో లెక్క లేదు. నోటిమాటకు తలుపు తెరిస్తే దొంగ నోటిమాట కూడా లోపలికి వస్తుందన్నది వీరి భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ దొంగ కాగితం చేయగలిగినవాడికి కాగితమే ప్రమాణమన్న సూత్రం ఎంత అనుకూలమో ఈ వాదులు చాలినంత ఆలోచించినట్టు కనిపించదు.

సాగే సాక్ష్యం అనేవారు

రెండో వాదం పాత సాక్ష్య చట్టం 110వ సెక్షన్ నుంచి బయల్దేరుతుంది. నేల ఎవరి స్వాధీనంలో ఉంటే వారే యజమాని అనుకోవాలి, కాదన్నవాడే రుజువు చేయాలి. 1872 నాటి ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చినా సూత్రం మారలేదు. తెలంగాణలో దీనికి గొప్ప రూపం 1950 కౌల్దారీ చట్టంలోని రక్షిత కౌలుదారు. 38-ఇ సెక్షన్ కింద సర్టిఫికెట్ అందుకున్నవాడు దున్నేవాడి నుంచి యజమానిగా మారాడు. ఆ సర్టిఫికెట్‌కు తిరుగులేదని, స్వాధీనం పోయినా తిరిగి ఇప్పించాలని 1989లో కోటయ్య కేసులో సుప్రీంకోర్టు అంది. ఇనాం నేలలో 1973 నవంబరు 1 నాటికి సాగులో ఉన్నవారికి ఆక్యుపెన్సీ హక్కు పత్రం (ఓఆర్‌సీ) ఇచ్చే ఏర్పాటు వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే.

ఎదురుగా ప్రభుత్వం నిలబడితే ఈ వాదం నీరసిస్తుంది. ప్రైవేటు వ్యక్తి మీద ప్రతికూల స్వాధీనానికి 12 ఏళ్లు చాలు, ప్రభుత్వం మీద 30 ఏళ్లు కావాలి. పైగా, ‘ఇది నాది’ అన్న భావంతో అందరికీ తెలిసేలా అనుభవించానని చూపాలి. నగరపు బస్తీల్లో ఇక్కడొక ఉచ్చు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరు 30న ఇచ్చిన 58, 59 నంబరు జీవోలు ప్రభుత్వ నేలలోని ఇళ్లను క్రమబద్ధం చేసుకోమన్నాయి. 125 గజాల దాకా పేదలకు ఉచితమని ఆశ చూపాయి. దరఖాస్తు పెట్టుకున్నవాడు ఆ నేల ప్రభుత్వానిదని తన చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది. పట్టా వస్తే మంచిదే. రాకపోతే, అంతకుముందు నలభై ఏళ్లు ఉన్న నివాసం కోర్టులో మునుపటి బరువు తూగదు. మీసేవ కౌంటరులో ఈ సంగతి చెప్పేవారెవరూ ఉండరు.

ఇదే కోవలోది సాదా బైనామా. నమ్మకం మీద తెల్లకాగితంపై జరిగిన అమ్మకాన్ని ఊరు ఒప్పుకుంటుంది, రిజిస్ట్రేషన్ చట్టం ఒప్పుకోదు. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో క్రమబద్ధీకరణకు పిలుపిస్తే లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఆ గడువు మధ్యలోనే ధరణి చట్టం అమల్లోకి వచ్చి, 1971 నాటి భూ హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టాన్ని రద్దు చేసింది. రద్దయిన చట్టం కింద దరఖాస్తులు ఎలా తీసుకుంటారని హైకోర్టు ఆపింది. ఆ అడ్డంకి తొలగడానికి 2025 దాకా పట్టింది.

ఊరి జ్ఞాపకం అనేవారు

మూడో వాదానికి వేళ్లు ఆదిలాబాద్ అడవుల్లో ఉన్నాయి, దాని కొమ్మ ఒకటి ఉస్మానియా ప్రాంగణం దాకా వచ్చింది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమ్ నేలకొరిగాక గోండుల అలజడికి కారణమేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన తర్వాత గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు, ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. ఆయన కనుగొన్నది సూటిగా ఉంటుంది. తరాలుగా సాగు చేసుకుంటున్న గోండుకు అర్జీ పెట్టడం తెలియదు, నిన్న మొన్న వచ్చిన షావుకారుకు తెలుసు. పట్టా అర్జీ పెట్టినవాడికి వెళ్లింది. హైమన్‌డార్ఫ్ చొరవతో గోండులకు, కొలాములకు లావుణి (ప్రభుత్వ భూమి కేటాయింపు) పట్టాలు అందాయి. ఆచారాన్ని కాపాడటానికి ఆచారాన్ని కాగితంగా మార్చడమే మార్గమైంది. ఆ వైరుధ్యం నేటికీ తీరలేదు.

ఈ వాదానికి దక్కిన అన్నిటికంటే పదునైన ఆయుధం రుజువు భారాన్ని తిప్పివేయడం. 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు వచ్చింది. 1970లో చేసిన సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న నేల గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా, భావించాలి. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణను నిలబెట్టింది. 1997లో సమతా తీర్పు ఒక అడుగు ముందుకేసి, గనుల లీజుల విషయంలో ప్రభుత్వాన్ని కూడా ఈ నిషేధం కిందికి తెచ్చింది. అమలులో జరిగింది వేరు. సవరణకు ముందు తేదీ వేసిన తెల్లకాగితం ఒకటి బయటికొస్తే చాలు, తిరగేసిన భారం మళ్లీ గిరిజనుడి భుజం మీదికే వస్తుంది. ఆ కాగితం సిరా ఎప్పటిదో చెప్పగల నిపుణుడు భద్రాచలంలోనో ఏటూరునాగారంలోనో ఎక్కడ దొరుకుతాడు?

2006 అటవీ హక్కుల చట్టం మరింత బాహాటంగా మాట్లాడింది. దాని నియమాల్లో రుజువుల జాబితా చూస్తే మామూలు సివిల్ వకీలు ఉలిక్కిపడతాడు. హక్కు కోరేవారు కాని పెద్దల వాంగ్మూలం, పాత బావులు, సమాధులు, దేవతల స్థలాలు, వంశవృక్షం, ఇవన్నీ చెల్లుతాయి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్టు తేలితే చాలు. తెలంగాణలో 2023 జూన్ నుంచి పంచిన పోడు పట్టాలు 4 లక్షల ఎకరాలు దాటాయి. గిరిజనేతరులకు మాత్రం ఇదే చట్టం మూడు తరాలు, అంటే 2005 డిసెంబరుకు ముందు 75 ఏళ్ల నివాసం చూపమంటుంది. 1930 నాటి సంగతికి సాక్షి ఎవరో చట్టం చెప్పదు.

ఇలాంటి సాక్ష్యం సివిల్ కోర్టు బోనులో నిలబడదా అంటే, ఎక్కడా నిలబడలేదని కాదు. కెనడా సుప్రీంకోర్టు 1997లో డెల్గముక్ కేసులో ఆదివాసుల మౌఖిక చరిత్రను రాత పత్రాలతో సమానంగా తూచాలంది. ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మాబో కేసులో, వలసవాదులు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న కల్పనను కొట్టేసింది. మనకూ పాత సాక్ష్య చట్టం 13, 32, 48 సెక్షన్లలో ఆచారం గురించి తెలిసినవారి మాటకు చోటుండేది, కొత్త చట్టంలోనూ ఉంది. చోటున్నా విలువ కట్టే తూకం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వకీలు తేదీ అడుగుతాడు. పెద్దమనిషి రజాకార్ల కాలం అనో, పెద్ద వరదొచ్చిన ఏడు అనో చెబుతాడు. తీర్పులో అది ‘సాక్షి పొంతన లేకుండా చెప్పాడు’ అవుతుంది.

ఆచారం అన్నివేళలా బలహీనుడి పక్షానే ఉంటుందనుకోకూడదు. 2025 జూలైలో రామ్ చరణ్ కేసులో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు మహిళ వారసులు తాత ఆస్తిలో వాటా అడిగారు. ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని వారే రుజువు చేయాలని కింది కోర్టులన్నాయి. సుప్రీంకోర్టు దాన్ని తిప్పింది: వాటా ఇవ్వని ఆచారం ఉందన్నవారే దాన్ని నిరూపించాలి. రెండు వైపులా సాక్షులు లేరు, భారం ఎవరిదన్న ఒక్క ప్రశ్నతోనే ఫలితం మారిపోయింది. ఈ మొత్తం చర్చలో అసలు కీలు అదే.

వక్ఫు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వం

సేవకిచ్చిన నేల విషయంలో పెద్ద పోరు మణికొండ జాగీరులో జరిగింది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదంటూ వక్ఫ్ బోర్డు అడిగిన 1,654 ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అతియాత్ విచారణలు, జాగీర్ల రద్దు, నోటిఫికేషన్లు అన్నీ ఒక దానిమీద ఒకటి పేర్చి చదివిన తీర్పు అది. రాతపత్రం లేకున్నా చిరకాల వాడుక వల్ల వక్ఫు అయిందన్న వాదనకు చట్టంలో ఉన్న ఆసరాను 2025 సవరణ ఇకముందుకు తీసేసింది. ఆ సవరణపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

విశ్వవిద్యాలయాలు కూడా ఆచారపు యజమానులే అనిపించే సందర్భాలున్నాయి. ఉస్మానియా నేలల హద్దుల మీద, ఆక్రమణల మీద తగాదాలు ఏళ్లుగా నలుగుతున్నాయి. కానీ పాఠం దొరికేది నగరానికి ఆ చివర. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 1970లలో 2,300 ఎకరాలకు పైగా కేటాయించారని అందరికీ తెలుసు. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు కూలుతుంటే, హక్కు బదిలీ చేసిన పత్రం విశ్వవిద్యాలయం దగ్గర లేదని ప్రభుత్వం అంది. యాభై ఏళ్ల స్వాధీనం, చుట్టూ గోడ, అంతా ఒప్పుకున్న పేరు ఉండి కూడా ఒక కేంద్రీయ సంస్థ చిక్కుల్లో పడిందంటే, పోడు రైతు సంగతి చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది పర్యావరణం కోసం, టైటిల్ కోసం కాదు.

ఎవరి వాదం ఎక్కడ ఆగుతుంది

కాగితం వాదం మోసాన్ని ఆపగలదు, కాగితం ఎవరు రాశారని మాత్రం అడగదు. సాగు వాదం దున్నేవాడిని కాపాడుతుంది, కానీ బలవంతంగా చొరబడ్డవాడూ కొన్నాళ్లకు దున్నేవాడే. జ్ఞాపకం వాదం చరిత్రకు దగ్గరగా ఉంటుంది, సాక్షి చనిపోతే అదీ పోతుంది. వీటన్నిటికీ విరుగుడని నాలుగో దారి ఒకటి చూపారు: ప్రభుత్వమే హామీ ఇచ్చే టైటిల్. ఆంధ్రప్రదేశ్ 2022 భూ హక్కుల చట్టాన్ని 2023 అక్టోబరు 31 నుంచి అమలు చేసింది. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అది పెద్ద అంశమైంది, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. సివిల్ కోర్టును పక్కనబెట్టి అధికారి చేతికి తీర్పు ఇవ్వడమే జనాన్ని భయపెట్టింది. తెలంగాణలో ధరణి ఇంకో తోవలో అక్కడికే వెళ్లింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి అప్పీలు మెట్లను తిరిగి పెట్టింది.

తేలనివి ఇంకా ఉన్నాయి. రెవెన్యూ శాఖ పుస్తకం రాస్తుంది, తప్పు దిద్దుతుంది, కోర్టులో ఎదుటిపక్షంగానూ నిలబడుతుంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వరంగల్ జిల్లా కొంపల్లిలోని 106 ఎకరాల అటవీ భూమి కేసులో, ప్రభుత్వ అధికారులే ప్రైవేటు వ్యక్తికి అనుకూలంగా అఫిడవిట్ వేశారని మండిపడింది. ఒకే ప్రభుత్వంలో రెండు శాఖలు రెండు మాటలు చెబితే ఏది ప్రమాణమో ఏ చట్టంలోనూ లేదు. ఖాస్రా పహాణీకి, అంతకుముందరి సేత్వార్‌కు పొంతన కుదరకపోతే ఏది పైనన్నదాని మీద కూడా తీర్పులు ఒక్క తాటిమీద లేవు. సగటున ఎక్కువ బరువు దక్కేది ఖాస్రాకే.

ఆ ఖాస్రాకు డెబ్బై ఏళ్లు నిండాయి. పొలం గెట్టు మీద నిలబడి పట్వారీ రాస్తుంటే చూసినవారిలో బోనెక్కగలిగినవారు ఇక దాదాపు లేరు. ఆ పుటలో ఒక పేరు కొట్టేసి పైన ఎర్రసిరాతో ఇంకో పేరు రాసి ఉంటే, అది ఏ ఉత్తర్వుతో రాశారో చెప్పాల్సిన ఫైలు చాలా తాలూకాల్లో దొరకదు. జడ్జి ముందు మిగిలేది ఆ రెండు పేర్లు, కొట్టివేసిన ఒక గీత.